చేతిన పడ్డ మాట

గదిలోకి రాగానే నేను చేసే మొదటి పని
నా మణికట్టు అతనికివ్వడం.
ఇత్తడి గుండీ కుట్టిన తోలు పట్టీ ఉంటుంది దానికి.
తడిమి, గుండీ తగిలాక
'ఓ, నువ్వా' అన్నట్టు భుజాలు వదులు చేస్తాడు.
రాన్‌వైగ్‌కి పూసల గొలుసు,
రాత్రి డ్యూటీ ఐవార్‌కి వంకరగా అతుక్కున్న చిటికెన వేలు.
మా ఇంట్లో ముఖాలు ఇలా ఉంటాయి.

ఓడ్‌వార్ నార్వే కొసన ఉన్న ఈ దీవికి వచ్చింది
పొద్దు మొహం చాటేసే నవంబరు చివర్లో.
ముప్పై నాలుగేళ్లు పడవ ఇంజన్లు బాగుచేసినవాడు.
పుట్టుచెవుడు.
చూపు మాత్రం ఏడాదికింత గొట్టంలా సన్నబడి
సూది బెజ్జమై,
ఒక వేసవిలో ఆ బెజ్జమూ పూడిపోయింది.

పదకొండు రోజులు పిడికిళ్లు విప్పలేదు.
సూపు గిన్నె తోసేశాడు.
నేను వేళ్ల కింద వేళ్లు చేర్చబోతే
చేతులు చంకల్లో దాచుకున్నాడు.
శిక్షణలో చెప్పారు మాకు: చెయ్యి లాగొద్దు.
నీ చెయ్యి పక్కన పెట్టి కూర్చో, ఎంతసేపైనా.
కూర్చున్నాను.
నిజం చెప్పాలంటే విసుగొచ్చింది, నిద్ర కూడా.

పన్నెండో రోజు
బోర్గ్‌హిల్డ్ కాఫీ మర ఆగిపోయింది.
డెబ్బై మూడేళ్ల మనిషి, చూపున్న రోజుల్లో
పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసేది.
చూపు, వినికిడి ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి,
నోరు మాత్రం వేళ్లలోకి దిగింది.
గాలి వాసన చూసి
'డీజిలు. ఎవరో కొత్తవాడు' అంది నా అరచేతిలో.
మాటా మంతీ లేకుండా ఆ మర ఎత్తి
అతని ఒళ్లో పడేసింది.

పిడికిలి విచ్చుకుంది.
బొటనవేలు పళ్ల చక్రం చుట్టూ తిరిగి
స్ప్రింగు దగ్గర ఆగింది,
చిక్కుకున్న నూలుపోగు లాగి పారేసింది.
పిడి తిప్పాడు.
గింజలు నలిగే అదురు
బల్ల గుండా అందరి మోచేతులకీ పాకింది.
ఏడుగురు ఒక్కసారే తలెత్తారు.

మాట చెవిన పడిందంటాం కదా,
ఇక్కడ చేతిన పడుతుంది.
అతని చేతుల కింద నా చేతులు నడుస్తాయి.
వీపు మీద గది గీస్తాను: కిటికీ ఇటు,
తలుపు దగ్గర ఇద్దరు, ఒకరు నవ్వుతున్నారు.
నవ్వంటే, భుజం కింద వేళ్లతో గబగబా గీకడం.
ఒక రోజు 'వాన' అని వేళ్లు జార్చాను.
కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి
'అబద్ధం' అన్నాడు.
'మంచు కలిసిన వాన. నీకు కళ్లెందుకు?'

మార్చిలో వాళ్లిద్దరికీ గొడవైంది.
ఒక కప్పు గురించి. కప్పు గురించే కాదేమో.
వేళ్లు వేళ్లని తరుముతున్నాయి,
బల్ల మీద చెంచాలు గెంతుతున్నాయి,
ఇద్దరి మెడలూ ఎర్రబడ్డాయి.
నేను మధ్యలో దూరకూడదు. నా పని కాపలా కాదు.
చివరికి ఆమె చేతులు తీసేసుకుంది.

చెవులు మూసుకున్నా అరుపు కొంచెం దూరుతుంది.
కళ్లు మూసుకున్నా రెప్పల వెనక ఎర్రగా వెలుగుంటుంది.
చెయ్యి తీసేసుకుంటే
ఎదుట మనిషే ఉండడు.
ఓడ్‌వార్ ఖాళీ గాలిలో రెండు మాటలన్నాడు.
నేను చూశాను.
నాతో అన్నవి కావు, ఇక్కడ చెప్పను.

ఆ సాయంత్రం బల్ల మీద, ఆమె కుర్చీ వైపు
కుడి చెయ్యి వెల్లకిలా పెట్టి కూర్చున్నాడు.
సూపు చల్లారింది. ఆమె రాలేదు.
నా డ్యూటీ అయిపోయింది.
పట్టీ తాకించి సెలవు చెప్పబోతే
ఎడమ చెయ్యే ఇచ్చాడు నాకు.
కుడిది అక్కడే ఉంచాడు,
తెరిచి.